పన్నెండేళ్ల తర్వాత బొంత కుడుతున్నా, మధ్యలో ఉబ్బుతోంది. ఏం చేయాలి?

అందరికీ నమస్తే. పెళ్లికి ముందు అమ్మమ్మ పక్కన కూర్చుని మూడు బొంతలు కుట్టాను. తర్వాత ఉద్యోగం, పిల్లలు... పన్నెండేళ్లు సూది ముట్టలేదు. ఇప్పుడు చెల్లెలికి పుట్టబోయే బిడ్డ కోసం మళ్లీ మొదలుపెట్టా. అడుగుదామంటే అమ్మమ్మ లేదు.

అమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరలు రెండు తీసుకుని, నాలుగు పొరలుగా పరిచి, చుట్టూ టాకాలు (పొరలు కదలకుండా ముందుగా వేసే పొడుగు కుట్లు) వేసి, అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చాను. జానెడు మేర బాగానే వచ్చింది. ఆ తర్వాత కింది పొర జరిగిపోయి నడిమధ్యలో పూరీలా పొంగింది! విప్పి మళ్లీ కుట్టినా అంతే. నడిమి నుంచి అంచులకు రావాలా? లేక మధ్యలో కూడా బెత్తెడుకొక టాకా వేయాలా?

ఇంకోటి. అమ్మమ్మ పాత చీర అంచులోంచి పోగులు లాగి వాటితోనే కుట్టేది. నేను లాగితే పుటుక్కున తెగుతున్నాయి. మిషను దారం రెండు పోగులు వేస్తే నలిగిన బట్టని కోసేస్తుందేమోనని భయం. ఎంబ్రాయిడరీ నూలు దారం ఉతుకులకు ఆగుతుందా? రంగు దిగుతుందా?

మధ్యలో పాలిస్టర్ దూది కూరమని మాత్రం చెప్పకండి, పసిబిడ్డకి ఉక్క. నెలలు నిండడానికి ఇంకా ఆరు వారాలే ఉంది.