మా అత్తయ్య లాకెట్‌లో కదులుతున్న ఆ వెండి బొట్టు ఏమిటి?

పాతపెట్టె (ప్రశ్న):

నమస్కారమండీ. మా మేనత్త పోయాక ఆవిడ నగల పెట్టె నాకు వచ్చింది. అందులో ఒక వెండి లాకెట్ ఉంది. బొటనవేలి గోరంత గాజు బుడ్డి, చుట్టూ మెలిపెట్టిన వెండి తీగ, నెత్తిన వెండి మూత, మూత మీద గొలుసు దూరే రింగు. మూత వెనక 925 అని, దాని కింద మెక్సికో అని చిన్న అక్షరాలు. అత్తయ్యకు అది ఎలా వచ్చిందో చెప్పేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. చిన్నప్పుడు ఆవిడ ఒళ్లో కూర్చుని దాన్ని అటూ ఇటూ వంచి ఆడుకోవడం మాత్రం నాకు బాగా గుర్తు.

బుడ్డిలో ముప్పావు వంతు ఎర్రటి నీళ్లలాంటిది ఉంది. అడుగున శనగగింజంత వెండి బొట్టు. వంచితే జారుతుంది. గట్టిగా కదిపితే రెండు మూడు ముక్కలై, మళ్లీ ఒకటైపోతుంది. ఎర్ర నీళ్లు గాజు అంచు వెంట కాస్త పైకి పాకినట్టు కనిపిస్తాయి. ఆ బొట్టు మాత్రం గాజుకు అంటుకోదు, గుండ్రంగానే ఉంటుంది. అయస్కాంతం పెట్టి చూశాను, కదల్లేదు.

రింగు అరిగిపోయి తెగేలా ఉంది. రేపు మాటు వేయించి మా పాపకు ఇద్దామనుకున్నాను. దానికి తొమ్మిదేళ్లు. నిన్న సాయంత్రమంతా ఆ లాకెట్ దాని చేతిలోనే ఉంది. రాత్రి అది పడుకున్నాక నాకు అనుమానం పట్టుకుంది, ఇది పాదరసమేమోనని. అప్పటినుంచి ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

బీకరు:

అమ్మా, నేను కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేశాను. మీరు రాసినదాంట్లోనే జవాబు ఉంది. మామూలు గది వేడిలో వెండిలా మెరుస్తూ, ముక్కలై మళ్లీ కలిసిపోతూ, గాజును అంటకుండా గుండ్రంగా నిలిచేది పాదరసమే. గాలియం అనే లోహం కూడా దాదాపు 30 డిగ్రీల దగ్గర కరుగుతుంది కానీ, అది గాజుకు పూసినట్టు అంటుకుపోతుంది. మీ బుడ్డి గోడలు శుభ్రంగా ఉన్నాయంటున్నారు కదా.

శనగగింజంత అంటే తక్కువని అనుకోకండి. పాదరసం నీళ్లకన్నా పదమూడున్నర రెట్లు బరువు. కాబట్టి అంత బొట్టు నాలుగు గ్రాములదాకా తూగుతుంది. పాత జ్వరం థర్మామీటర్లో ఉండేది సుమారు అర గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాములే.

గాజు పగలనంతవరకు, మూత వదులు కానంతవరకు అది లోపలే ఉంటుంది. భయం దాని ఆవిరితో. మింగిన పాదరసాన్ని ఒళ్లు దాదాపు పట్టించుకోదు, ఆవిరి పీలిస్తే మాత్రం అందులో 80 శాతం దాకా ఒంట్లోకి చేరిపోతుంది. 20 డిగ్రీల దగ్గర మూసిన గదిలో గాలి ఆవిరితో పూర్తిగా నిండితే ఘనపు మీటరుకు 13 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది సగటుకు పెట్టిన హద్దు ఒక్క మైక్రోగ్రాము, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. వాసన రాదు, కంటికి కనపడదు. పాపకు ఇవ్వకండి తల్లీ.

వెండితీగ:

మాటు అనే మాట చూసి ఆగలేక రాస్తున్నానండీ. వెండి పనే నా వృత్తి. దయచేసి ఆ లాకెట్‌ను మంట దగ్గరికి తీసుకెళ్లొద్దు. వెండి మాటు కరగాలంటే వేడి 600 డిగ్రీలు దాటాలి. పాదరసం 357 దగ్గరే మరిగిపోతుంది. అంతదాకా పోకముందే లోపలి నీళ్లు ఆవిరై బుడ్డి పేలుతుంది. మాటు వేసేవాడు ముఖం పనిమీదికి వంచి కూర్చుంటాడు. మొదట పీల్చేది అతనే. నగ తెచ్చినవాళ్లు లోపల ఏముందో చెప్పకపోతే మాకు తెలిసేదెలా? మెరుగు పెట్టే అల్ట్రాసోనిక్ మెషిన్లో వేయడం, వేడినీళ్లలో నానబెట్టడం కూడా వద్దు.

ఇలాంటివి మెక్సికో నుంచి చాలానే వచ్చాయి. సీసా, గుండె, మిరపకాయ, పులి కోర ఆకారాల్లో గాజు చేసి, రంగు నీళ్లతోపాటు పాదరసం పోస్తారు. అలాంటి గొలుసుల్లో మూడు నుంచి ఐదు గ్రాముల పాదరసం ఉంటుందని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరించింది కూడా.

ఇంకో మాట. పాదరసం వెండిని తినేస్తుంది. రెండూ కలిసిపోతాయి. మూత గాజును పట్టుకునే చోట భూతద్దం పెట్టి చూడండి. వెండికి పట్టే మామూలు మసి గోధుమరంగులోనో నల్లగానో ఉంటుంది, పాలిష్ గుడ్డతో రుద్దితే పోతుంది. బూడిదలా తెల్లగా, మెరుపు చచ్చిన మచ్చ కనిపిస్తే మాత్రం రుద్దొద్దు. అక్కడ కారుతోందని అర్థం. చూసేముందు మీ ఉంగరాలు, గాజులు తీసెయ్యండి. బంగారాన్నీ వదలదది.

పాతపెట్టె:

మాటు ఆపేశానండీ. కిటికీ తెరిచి, గ్లవ్స్ వేసుకుని, ఒక ట్రేలో పెట్టి భూతద్దంతో చూశాను. మూత అంచున, సరిగ్గా బియ్యపుగింజ పొడవున, మీరన్న మచ్చ ఉంది. చుట్టూ వెండి నల్లబడింది, అక్కడొక్కచోట మాత్రం సుద్ద పూసినట్టు పాలిపోయింది. దాన్ని చూడగానే కాళ్లు చల్లబడ్డాయి. నగల పెట్టె లోపల మఖ్మల్ గుడ్డ ఉంది. అందులో ఏమైనా పడి ఉంటుందా? పాపను డాక్టరుకు చూపించాలా?

బీకరు:

చూపించండి. ముందు కంగారు తగ్గించుకోండి, ఒక సాయంత్రం చేతిలో పట్టుకున్నంతమాత్రాన అంతా అయిపోదు. లాకెట్ పాతదని, మూత దగ్గర కారిందని, పాప దగ్గర ఎంతసేపు ఉందో డాక్టరుకు చెప్పండి. పీల్చిన పాదరసాన్ని మూత్ర పరీక్షలో చూస్తారు. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు పడటం, అరచేతులు అరికాళ్లు ఎర్రబడి పొట్టు రాలడం లాంటివి ఉంటే అవీ చెప్పండి.

పెట్టెను గదిలో దీపాలు తీసేసి, టార్చిలైటు నేలబారుగా పట్టి చూడండి. గుడ్డ మడతల్లో సూదిమొనంత చుక్క ఉన్నా తళుక్కుమంటుంది. కనపడినవాటిని టేపుతో అద్ది తీయండి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ మాత్రం ముట్టుకోవద్దు, ఒక్క చుక్కను వంద చేసి గదంతా చల్లుతాయి. సింకులో కడగొద్దు. ఏమీ కనపడకపోయినా ఆ గుడ్డను ఉంచుకోకండి. లాకెట్, గుడ్డ, టేపు, గ్లవ్స్ అన్నీ గట్టి మూత ఉన్న సీసాలో పెట్టి, దాన్ని ఇంకో డబ్బాలో పెట్టండి. ఎండ తగలని చోట, ఇంటి బయట. చెత్తబుట్టలోకి పోకూడదది. ప్రమాదకరమైన వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

వెండితీగ:

ఆ మూత ఊడదీసి పాదరసం పారబోసి, ఖాళీ బుడ్డి అయినా ఉంచుకుందామని అనిపించవచ్చు. వద్దండీ. తిన్న వెండిలోంచి అది పూర్తిగా రాదు.

పాతపెట్టె:

నాకు అదే అనిపించింది, నిజంగానే. రాత్రి మీ మాట చదివి ఆగాను.

గుడ్డ మడతలో రెండు చుక్కలు దొరికాయి. టేపుకు అంటుకుని వచ్చాయి. పాపను డాక్టరు చూశారు, మూత్ర పరీక్షకు ఇచ్చాం. లక్షణాలేవీ లేవన్నారు. ఎందుకు ఇవ్వట్లేదో పాపకు దాచకుండా చెప్పాను. అది కాసేపు ఏడ్చి, డబ్బా మీద చీటీ తానే అంటిస్తానంది. పెద్ద అక్షరాలతో రాసింది: పాదరసం, తెరవొద్దు, మా నానమ్మది. మేనత్తను అది నానమ్మ అనే పిలిచేది. చీటీ తీయకుండానే సోమవారం డబ్బా అప్పగిస్తాను.