‘అడుగిడు నడుగిడదు’: రెండో పాదంలో మగుడా, మగడా? (కికూచి ట్రయో వింటుంటే పట్టుకున్న పద్యం)

రేపల్లె వీణ:
కొన్నాళ్ళుగా జపాన్ జాజ్ పియానిస్టు మసాబుమి కికూచి ట్రయో (ముగ్గురి బృందం) ఆల్బం ‘సన్‌రైజ్’ వింటున్నాను. 2009 సెప్టెంబరులో న్యూయార్క్‌లో రికార్డు చేశారు, 2012లో ఈసీఎం రికార్డు కంపెనీ విడుదల చేసింది. పియానో కికూచి, బేస్ థామస్ మోర్గన్, డ్రమ్స్ పాల్ మోషియన్. మొదటి బల్లాడ్‌లో, అంటే నిదానంగా సాగే పాటలో, కుడిచెయ్యి ఒక స్వరం వేసి ఆగుతుంది. రెండోది ఇక్కడే పడుతుందని మనం అనుకున్న చోట పడదు. వింటున్నంత సేపూ ‘అడుగిడు నడుగిడదు’ అని చెవిలో మోగుతూనే ఉంది. పోతన, గజేంద్రమోక్షం, విష్ణువు వెనక లక్ష్మి నడక. అంతవరకు సరే. రెండో పాదంలో ‘అడిగినఁ దన మగ...’ దగ్గర ఆగిపోతున్నాను. మగుడా, మగడా? ఇంకో సందేహం కూడా ఉంది. ఈ ఆల్బం మీద చిన్న పరిచయం రాస్తున్నాను. ఆ పద్యంలోని ‘జడిమ’ను ఈ వాయింపుకి వాడవచ్చంటారా?

అరసున్న:
అడిగెద నని కడువడిఁ జను
నడిగినఁ దన మగుడ నుడువఁ డని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

మగుడ. మరల అని అర్థం. మగుడ నుడువడు అంటే మారు పలకడు. దీనికి ముందరి ఒక పద్యంలో ‘తన వేంచేయు పదంబుఁ బేర్కొనఁడు’ అంటూ ఆలోచన మొదలుపెట్టింది కదా. అడగకుండా తానుగా చెప్పనివాడు అడిగితే మాత్రం బదులిస్తాడా అని ఆవిడ బెంగ. దానికి ‘మగుడ’ చక్కగా అతుకుతుంది.

కందపద్యం:
అరసున్న గారూ, అయితే ఆ ‘తన’ను ఏం చేస్తారు? ‘తన మగుడ నుడువడు’ అన్వయం కాదు. తనకు అని ఉండాలి, లేదా తను అని ఉండాలి. ‘తన మగఁడు నుడువఁడు’ అంటే ఏ చిక్కూ లేదు. మాకు బడిలో చెప్పిన మాస్టారు ‘మగడు’ అనే చదివేవారు, పిల్లలందరికీ చెప్పకుండానే అర్థమయ్యేది.

అరసున్న:
‘దను మగుడ’ అని చదివేవాళ్ళూ ఉన్నారు. తనును, అంటే తనతో. అప్పుడు మీ అభ్యంతరం పోతుంది. పిల్లలకు తేలిగ్గా అర్థమైందని పాఠం నిర్ణయించకూడదు. తెలియని మాట ఉన్నచోట చదివేవాళ్ళు తెలిసిన మాట పెట్టుకోవడమే ఎక్కువ. మగుడను మగడుగా మార్చుకోవడానికి కారణం కనిపిస్తుంది, మగడును మగుడగా మార్చడానికి ఎవరికీ కారణం లేదు.

కాకినాడ తరంగం:
మా ఇంట్లో ‘నుడుగడని’ అంటారు, ‘నడ యుడుగున్’ బదులు ‘నెడ నుడుగున్’ అంటారు. మూడో పాదంలో సిడిముడి కాదు, చిడిముడి.

కందపద్యం:
నుడుగు, నుడువు రెండూ పలకడమే, దాంతో పేచీ లేదు. ఛందస్సు కూడా మనల్ని ఆదుకోదు. మగుడ అన్నా మగడు అన్నా మూడూ లఘువులే. యతి ‘అడిగిన’లో అకారానికీ ‘అని’లో అకారానికీ, అంటే ఈ మాటకి అవతలా ఇవతలా ఉంది. రెండు సరిపాదాల చివర తప్పనిసరిగా ఉండాల్సిన గురువులు తప్ప పద్యమంతా లఘువులు. అరవై లఘువులు, రెండు గురువులు! ఆ రెండు గురువుల దగ్గరే కాలు పూర్తిగా నేలకి ఆనినట్టు ఉంటుంది: ఉడుగున్, ఎడలన్. ఒకటి నడక ఆగిపోయేచోట, రెండోది పద్యం ఆగిపోయేచోట. ఇంత తెలిసి చేసినవాడు ‘తన’ అనే మాటని అన్వయం లేకుండా గాలికి వదిలేస్తాడంటే నేను నమ్మను.

చిక్కడపల్లి శ్రోత:
రేపల్లె వీణ గారి ఆల్బం సంగతి అందరూ మర్చిపోయారు. అందులో పియానో ఒక్కటే వింటే సగమే విన్నట్టు. మోషియన్ మామూలు జాజ్ డ్రమ్మర్లలా కాలం లెక్కపెట్టడు. సింబల్ మీద ఒక దెబ్బ వేసి అది పూర్తిగా ఆరేదాకా ఊరుకోగలడు. 1961లో న్యూయార్క్ జాజ్ క్లబ్బు విలేజ్ వాన్‌గార్డ్‌లో పియానిస్టు బిల్ ఎవాన్స్, బేసిస్ట్ స్కాట్ లఫారోలతో వాయించినవాడు ఆయన. పియానో వెనక తాళం పట్టే పని వదిలేసి ముగ్గురూ సమానంగా మాట్లాడుకునే ట్రయో అప్పుడే అంత స్పష్టంగా వినిపించింది. తర్వాత 1990లలో కికూచి, బేసిస్ట్ గ్యారీ పీకాక్, మోషియన్ కలిసి ‘టెథర్డ్ మూన్’ పేరుతో వాయించారు. ‘సన్‌రైజ్’ నాటికి మోషియన్‌కి 78, కికూచికి 70 నిండబోతున్నాయి, మోర్గన్‌కి ఇంకా ముప్ఫై రాలేదు. ఆల్బం బయటికి వచ్చేసరికి మోషియన్ లేడు, 2011 నవంబరులో పోయాడు.

సంగీతం తెలిసినవాళ్ళకి ఒక మాట. ఇది అనాగతమో అతీతమో (పాట తాళం కంటే ముందో వెనకో ఎత్తుకోవడం) కాదు. ఆ రెండూ ఉండాలంటే ముందు తాళం ఉండాలి కదా. ఇక్కడ ఎత్తుగడని కొలవడానికి ఆవర్తమే, అంటే తిరిగి తిరిగి వచ్చే తాళం చుట్టే, లేదు.

త్యాగరాయగ్రామం:
ఆవర్తం లేకపోతే నడక లేదనా? ఆలాపనలో తాళం లేదు, నడక ఉంది. రాగం తర్వాత పాడే తానం తీసుకోండి, తాళం వేయకుండానే లయ తెలుస్తుంది. ‘అడుగిడు నడుగిడదు’ కూడా లయ చెడటం కాదు, నాలుగేసి మాత్రలు ఎక్కడా తప్పవు. లక్ష్మి తడబడుతోంది, కందం తడబడదు. కికూచిలో తడబడేదీ తడబడనిదీ ఏవో విడదీసి చెప్తే గాని ఈ పోలిక నాకు ఎక్కదు.

చిక్కడపల్లి శ్రోత:
మంచి ప్రశ్న. తడబడనిది నాదం. ఒక్కొక్క తీగని ఎంత బరువుతో తాకాలో, ఎంతసేపు మోగనివ్వాలో ఆయనకి పొల్లుపోకుండా తెలుసు. తర్వాతి స్వరం ఎప్పుడన్నదే అనిశ్చయం. ఇంకోటి, ఈయన చేతకాక మెల్లగా వాయించే మనిషి కాదు. 1972లో జాజ్ ఆర్కెస్ట్రా స్వరకర్త గిల్ ఎవాన్స్‌తో ఆర్కెస్ట్రా ఆల్బం చేశాడు. 1981 నాటి ‘సుస్తో’ వినండి: ఎలక్ట్రిక్ కీబోర్డులు, గిటార్లు, ఒకదాని మీద ఒకటి పేర్చిన లయలు, ఊపిరాడదు. అంత నిండుగా వాయించినవాడు ఒక్కొక్కటే తీసేసుకుంటూ ఇక్కడికి వచ్చాడు.

అరసున్న:
అయితే జడిమ సంగతి చెప్తాను. మహిమ, గరిమ ఎలాగో జడం నుంచి జడిమ అలాగ. సోమరితనం, మందకొడితనం అనుకుంటే పద్యం పాడైపోతుంది. రసశాస్త్రం చెప్పే ముప్ఫై మూడు సంచారి భావాల్లో (వచ్చిపోయే మనోభావాల్లో) జడత ఒకటి. ఇష్టమైనదో కానిదో చూసినప్పుడు, విన్నప్పుడు ఏం చెయ్యాలో తోచకపోవడం, మాట పెగలకపోవడం. పోతన దాన్ని ఒంటరిగా పెట్టలేదు. ‘కడువడిఁ జను’, ‘సిడిముడి’ (తొట్రుపాటు) ఆవేగం, అంటే తొందర. ఆవేగమూ జడతా ఒకే పాదం మీద ఢీకొంటున్నాయి. ఆవేగం లేని జడిమ ఈ పద్యంలో జడిమ కాదు. మీ పియానిస్టులో ఆవేగం ఎక్కడ?

రేపల్లె వీణ:
ఆయన గొంతులో ఉంది. వాయిస్తూ మూలుగుతాడు, గొణుగుతాడు, రికార్డులో స్పష్టంగా వినిపిస్తుంది. వేళ్ళు ఆగిపోయిన చోట కూడా గొంతు ముందుకు తోసుకుపోతుంది. కొందరికి అది చికాకు. నాకైతే అది లేకపోతే ఆ ఖాళీలన్నీ ఉత్త అందంగా మిగిలిపోయేవి అనిపిస్తుంది.

ఎడిసన్ తెలుగు:
న్యూజెర్సీ నుంచి. అడుగు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. కికూచి 2015 జూలైలో పోయాడు. 2013లో న్యూయార్క్‌లో చేసిన ఆఖరి స్టూడియో రికార్డింగు 2021లో విడుదలైంది. ట్రయో కాదు, పియానో ఒక్కటే. పేరు ‘హనమిచి’. జపాన్ సంప్రదాయ నాటకం కబుకి ఆడే నాటకశాలలో ప్రేక్షకుల మధ్యలోంచి రంగస్థలానికి వెళ్ళే నడవా అది, పూలదారి అని అర్థం. నటుడు దాని మీద నడిచి వచ్చి, వేదిక ఇంకా కొంచెం దూరం ఉందనగా ఒకచోట ఆగి భంగిమ పడతాడు. ఆ చోటుకి ‘షిచిసాన్’ అని పేరు. ఏడు-మూడు అని. దారిలో ఏడు వంతులు నడిచాక, మూడు వంతులు మిగిలినచోట అన్నమాట. ఆగడానికి కూడా జాగా నిర్ణయించి ఉంచిన కళ అది. త్యాగరాయగ్రామం గారు తడబడేదీ తడబడనిదీ అన్నారు కదా, దానికి ఇదొక ఆధారం.

త్యాగరాయగ్రామం:
బాగుంది, కానీ అది మీ వైపు కాదు, నా వైపు ఆధారం. షిచిసాన్ దగ్గర ఆగడం ముందే తెలిసిన ఆగడం. లక్ష్మి ఎక్కడ ఆగుతుందో లక్ష్మికే తెలియదు.

కాకినాడ తరంగం:
పోతన భార్యాభర్తల ఘట్టాలు కొన్ని ఇలాగే చిన్న కందాల్లో పట్టేస్తాడు. అదే అష్టమ స్కంధంలో ‘మ్రింగెడివాఁడు విభుం డని’ చూడండి. అక్కడ పార్వతికి అనుమానమే లేదు, మింగు అనేసింది. ఇక్కడ లక్ష్మి అడగనా వద్దా అని నలిగిపోతుంది. నాకు ఈవిడే దగ్గరి మనిషిలా ఉంటుంది.

అరసున్న:
కాకినాడ తరంగం గారికి కృతజ్ఞతలు. కందపద్యం గారు చూడండి, అక్కడ ‘విభుఁడు’ అన్నాడు. మగడు అనలేదు.

కందపద్యం:
అక్కడ హాలాహలం మింగుతున్నాడు, లోకానికి ప్రభువు కాబట్టి విభుడు. ఇక్కడ చెప్పకుండా లేచి వెళ్ళిపోతున్నాడు, ఆవిడకి మగడు. నా పాఠానికే బలం వచ్చింది.

చిక్కడపల్లి శ్రోత:
చెవితో తేల్చుకుందామన్నా వీలుకాదు. గణం ‘దనమగు’ దగ్గర విరుగుతుంది, లేదా ‘దనమగ’ దగ్గర. రాగం తీసేవాళ్ళు అక్కడే ఊపిరి తీసుకుంటారు. గుకారం సగం మింగేస్తారు, ‘డ’ తర్వాతి గణంలోకి జారిపోయి ‘డనుడువ’ అయిపోతుంది. నేను విన్న ఇద్దరు పౌరాణికుల్లో ఏ ఒక్కరూ ఏమన్నారో ఇప్పటికీ చెప్పలేను.

రేపల్లె వీణ:
పరిచయంలో జడిమ వాడాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

అరసున్న:
వాడండి, పక్కన సిడిముడి కూడా వాడండి.

కాకినాడ తరంగం:
చిడిముడి.

కందపద్యం:
ముందు ‘తన’కి అన్వయం చెప్పండి అరసున్న గారూ. ‘దను’ అని దిద్దుకోకుండా, మీరు పైన రాసిన పాఠంలోనే చెప్పండి.