మంచి టేకు బీరువాకు తెల్లరంగు వేసి అమ్మడం తప్పా?

బాల్కనీ వడ్రంగి (చర్చ మొదలుపెట్టినవారు)

నేను మల్కాజిగిరిలో ఉంటాను. నాలుగేళ్లుగా పాత సామాను కొని, బాగుచేసి అమ్ముతున్నాను. దాంతోపాటు గోడకు తగిలించే అలంకరణలు, పాత కిటికీ చట్రాలకు బిగించిన అద్దాలు కూడా చేస్తాను. ఇన్నాళ్లూ రాని చిక్కు ఒకటి ఇప్పుడు వచ్చింది, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

పోయిన నెల జుమేరాత్ బజార్‌లో గాజు తలుపుల బీరువా ఒకటి కనిపించింది. ఐదడుగుల ఎత్తు, రెండు తలుపులు, కింద ఒక సొరుగు. మసిపట్టి నల్లగా ఉండడంతో ఎవరూ దాని వైపు చూడట్లేదు. బేరమాడి 6,500కి తీసుకున్నాను, ట్రాలీ ఆటోకు ఇంకో 900. ఇంటికి తెచ్చి సొరుగు బయటికి లాగి బోర్లించి చూస్తే ఒక్క మేకు లేదు. మూలల్లో చెక్కను పళ్లలా కోసి, ఒకదాంట్లో ఒకటి దించేశారు. అడుగున పెన్సిల్‌తో ఎవరో వేసుకున్న కొలతల గీతలు ఇంకా చెరగలేదు. లోపలి అంచు మీద ఉప్పు కాగితం నాలుగుసార్లు రుద్దగానే బంగారు రంగు తేలింది. టేకు.

ఫొటో పెట్టిన సాయంత్రమే ఒకావిడ కొంటానని 3,000 అడ్వాన్స్ పంపింది. 24,000కి ఒప్పుకుంది కానీ ఒక షరతు. మొత్తం తెల్లరంగు వేయాలి, అంచులు అక్కడక్కడా అరిగినట్టు ఉండాలి, లోపల నీలం. ఇదే బీరువా పాలిష్ చేసి పెడితే 18,000 రావడం గగనం, అది కూడా ఎన్నాళ్లు మా హాల్లో కూర్చుంటుందో. నాకు పాలిష్ పని నేర్పిన పెద్దాయన వచ్చి చూసి, "దీనికి రంగేస్తే మాత్రం నాకు చెప్పకమ్మా" అని టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. రెండు రోజులైంది, బ్రష్ పట్టడానికి చేతులు రావట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

పాతబస్తీ పాలిష్

వెయ్యొద్దక్కా. మా తాత, మా నాన్న, ఇప్పుడు నేను, మూడు తరాలుగా ఇదే పని. సెంటిమెంట్‌తో కాదు, పని తెలిసి చెప్తున్నా.

టేకుకు కంటికి కనిపించే సన్నటి రంధ్రాలు ఉంటాయి. రంగు వాటిలోకి దిగిందంటే మళ్లీ రాదు. రేపు ఇంకొకరు రిమూవర్ పూసి ఎంత గీకినా చెక్క నిండా తెల్ల చుక్కలు మిగిలిపోతాయి. ఇంకోటి, టేకులో సహజంగా నూనె ఉంటుంది. థిన్నర్‌తో బాగా తుడవకుండా వేస్తే రంగు పట్టు నిలవదు. పట్టినా, చెక్కలోని రంగు పైకి ఊరి తెల్లదనం మీద పసుపు, గోధుమ మరకలు తేలతాయి. రెండు నెలలకు ఆవిడ ఫోన్ చేసి అడిగితే ఏం చెప్తావ్?

మరి పాలిష్ అంటే ఏంటో తెలుసు కదా. చపడా లక్కను, అంటే రేకుల్లా దొరికే శుద్ధిచేసిన లక్కను, రాత్రంతా స్పిరిట్‌లో నానబెట్టి, మెత్తటి నూలు బట్టలో దూది ఉండ చుట్టి, అది చెక్కకు అంటుకుని లాగకుండా ఒక్క చుక్క అవిసె నూనె తగిలించి, చెయ్యి ఆపకుండా సున్నాలు చుట్టినట్టు తిప్పుతూ పోవాలి. మధ్యలో చెయ్యి ఆగితే అక్కడ మచ్చ పడుతుంది. మా నాన్న ఒక తలుపుకు ఇరవై పూతలు వేసేవారు. అలా వేసిన తలుపులోకి చూస్తే చెక్క గీతలు నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపిస్తాయి. దాని మీద తెల్లరంగు అంటే నాకు నోట మాట రావట్లేదు.

గచ్చిబౌలి అద్దిల్లు

నేను కొనేవాళ్ల వైపు నుంచి చెప్తాను. మాది డబుల్ బెడ్రూం అద్దె ఇల్లు, హాలుకు ఒకే కిటికీ. మా అత్తయ్యగారి నల్ల పాలిష్ సోఫా, అలమార పెట్టాక పగలు కూడా లైటు వేసుకోవాల్సి వచ్చేది. లేత రంగు వేయించాక ఆ గదిలో కూర్చోబుద్ధి అవుతోంది. ఆ సామాను ఇప్పుడు రోజూ వాడుతున్నాం. అంతకుముందు పదేళ్లు స్టోర్‌రూంలో పాత పేపర్ల కింద ఉంది.

జుమేరాత్ బజార్‌లో ఆ బీరువాను ఎవరూ చూడలేదని మీరే రాశారు. అక్కడ అమ్ముడుపోని సామాను ఏమవుతుందో అందరికీ తెలుసు. విప్పేసి చెక్క లెక్కన అమ్ముతారు, మిగిలింది పొయ్యిలోకి పోతుంది. తెల్లరంగుతో ఒకరింట్లో ఇంకో ముప్పై ఏళ్లు గాజు గ్లాసులు మోస్తే ఆ బీరువాకు జరిగిన అన్యాయం ఏంటి? డబ్బు పెట్టేది ఆవిడ, ఉండేది ఆవిడ ఇంట్లో. ఆవిడకు నచ్చినట్టు ఉండకూడదని చెప్పడానికి మనమెవరం?

రెండో శనివారం స్టాల్

లెక్క చూద్దాం, ఎందుకంటే చర్చ మొదలుపెట్టిన బాల్కనీ వడ్రంగిగారికి ఇది ఉపాధి. బీరువా, ఆటో కలిపి 7,400. రంగు పనికి సామాను 2,500 అనుకుంటే 24,000లో చేతికి మిగిలేది 14,100, ఐదు రోజుల పని. లక్క పాలిష్‌కు సామాను 1,800 అనుకున్నా, 18,000కి అమ్ముడైతే మిగిలేది 8,800, పది రోజుల పని. రోజుకు 2,820 ఎక్కడ, 880 ఎక్కడ? పని నేర్పిన పెద్దాయన మీద గౌరవం ఉండాల్సిందే. కానీ అద్దె కట్టేది ఆయన కాదు.

ఇంకో మాట కూడా అనాలి. చెక్కకు రంగేస్తే ఇంత బాధపడే మనం, అలంకరణ వస్తువుల దగ్గర జరిగే మోసాన్ని ఎందుకు పట్టించుకోం? నా పక్క స్టాల్‌లో చేర్యాల బొమ్మల ప్రింటు తీసి ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసిన పలక) ట్రేలకు అతికించి, పైన వార్నిష్ కొట్టి "చేతితో చేసినది, చేర్యాల కళ" అని 1,200కి అమ్ముతున్నారు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ చిత్రకారుల కుటుంబాలు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పూతలు పూసి, ఎండబెట్టి, ఒక్కో గీతా బ్రష్‌తో వేస్తాయి. మాస్కులకైతే రంపపు పొట్టు, చింతగింజల ముద్ద కలిపి అచ్చు కడతారు. చేర్యాల కళకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. ఆ పేరు స్టిక్కర్‌కు పెట్టడం అసలైన తప్పు. ఈ బీరువాకు రంగేస్తే ఎవరినీ మోసం చేసినట్టు కాదు.

పాతబస్తీ పాలిష్

స్టిక్కర్ సంగతి వంద శాతం ఒప్పుకుంటా అన్నా. కానీ రంగు ఎవరినీ మోసం చెయ్యదనే మాట ఒప్పుకోను. నా దగ్గరికి రిపేరుకు వచ్చే తెల్లరంగు బీరువాలు గీకి చూస్తే సగం పుట్టీయే ఉంటోంది. చెదలు తిన్నచోట పుట్టీ, చెక్క విరిగినచోట ప్లైవుడ్ ముక్క, దాని మీద పుట్టీ, పైన రంగు. పాలిష్ అయితే అతుకు అతుకులాగే కనబడుతుంది, దాచలేం. రంగు కింద ఏముందో కొన్నవాడికి ఎలా తెలియాలి? నువ్వు మంచి టేకుకు వేసినా, పుచ్చు చెక్కకు వాడు వేసినా ఫొటోలో రెండూ ఒకటే. చివరికి మంచి సరుకు ధర కూడా పడిపోతుంది.

పడక కుర్చీ

అమ్మా, నాకు 71 ఏళ్లు. మా ఊళ్లో మా తాతగారి భోషాణం ఉండేది, మనిషి కాళ్లు ముడుచుకుని పడుకునేంత పెద్దది. ఇల్లు అద్దెకిచ్చినప్పుడు అందులో ఉన్నవాళ్లు దానికి ఆకుపచ్చ ఎనామిల్ వేసేశారు. రిటైరయ్యాక దాన్ని అల్వాల్ తెచ్చుకుని రెండు నెలలు కూర్చుని గీకాను. తాతగారు మూత లోపల చెక్కిన సంవత్సరం ఒక్కో అంకె బయటపడుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ ఎనామిలే ఇన్నాళ్లు దాన్ని తేమ నుంచి కాపాడిందని మా తమ్ముడి వాదన. ఈనాటికీ మా ఇద్దరికీ దాని మీద పొత్తు కుదరలేదు.

ఈ పని చేసేవాళ్లందరికీ చెప్పాల్సిన అసలు విషయం వేరే ఉంది. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌ను పొడిగా రుద్దితే లేచే దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. నాకు తెలియక హాల్లోనే రుద్దాను. మా మనవడికి అప్పుడు రెండేళ్లు, అదే నేల మీద ఆడుకునేవాడు. మా డాక్టర్‌గారు చెప్పాక వారం రోజులు నిద్రపట్టలేదు. రక్తపరీక్ష చేయిస్తే దేవుడి దయవల్ల ఏమీ లేదన్నారు. కాబట్టి పాత రంగు కనిపిస్తే తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి, పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకండి. నీ బాల్కనీ పక్కనే పడకగది ఉంటే ఆ తలుపు కూడా మూసెయ్యి తల్లీ.

సైనిక్‌పురి షెడ్డు

మధ్యేమార్గం ఒకటి ఉంది, ఎవరూ అనలేదు. చాక్ పెయింట్ అని, సుద్దలా మెరుపు లేకుండా ఆరే రంగు, దాన్ని 1990లో యానీ స్లోన్ అనే బ్రిటిష్ ఆవిడ తయారుచేసింది, పాత సామాను మీద గీకకుండా, ప్రైమర్ లేకుండా వేసుకోవడానికి. మన టేకు మీద మాత్రం నేరుగా వేయొద్దు. ముందు మైనం తీసిన లక్క రెండు పూతలు వేసి, ఆరాక రంగు వేయాలి. లక్క రంధ్రాలను మూసేస్తుంది, మరక పైకి ఊరదు. రేపెప్పుడైనా రంగు తీయాలనుకుంటే స్పిరిట్‌కు కింద లక్క కరిగి రంగు కూడా దాంతో లేచివస్తుంది. నేను మూడు సామాన్లకు ఇలా చేశాను, ఒకటి తిరిగి తీసి కూడా చూశాను.

పాతబస్తీ పాలిష్

అది నిజమే, లక్క మీద వేస్తే తిరిగి వస్తుంది. అలా చేసేవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, అదీ నా బాధ.

అక్కా, ఇంకో పని చెయ్యి. మూలన దూదితో స్పిరిట్ అద్ది ఒక నిమిషం ఆగు. చేతికి జిగురు తగిలితే పైనున్నది పాత లక్క. అప్పుడు అసలు గీకాల్సిన అవసరమే లేదు. స్పిరిట్‌తో మసి తీసి, ఆ పాత పూతనే మళ్లీ పరిచి, పైన నాలుగైదు కొత్త పూతలు వేస్తే చాలు. పది రోజుల పని నాలుగు రోజుల్లో అయిపోతుంది. స్టాల్ అన్న వేసిన లెక్క కూడా మారిపోతుంది.

గచ్చిబౌలి అద్దిల్లు

పాలిష్ అన్నా, మీ పని మీద నాకు గౌరవం పెరిగింది, ఇది మనస్ఫూర్తిగా అంటున్నా. అయినా నా మాట మార్చుకోను. మీలాంటివాళ్లు అందరికీ దొరకరు, దొరికినా ఆ కూలి అందరూ ఇవ్వలేరు. రంగు డబ్బా, బ్రష్ మాలాంటివాళ్లు కూడా కొనుక్కోగలరు. పాత సామాను వాడాలన్న కోరిక నాలాంటివాళ్లలో పుట్టిందే ఆ రంగుల వల్ల. అది కూడా పోతే అందరం ప్లైవుడ్, సన్‌మైకా కొనుక్కుంటాం.

బాల్కనీ వడ్రంగి

అందరి మాటలూ రెండేసిసార్లు చదివాను. నిన్న ఏం జరిగిందో చెప్తాను.

స్పిరిట్ పరీక్ష చేశాను. దూది అంటుకుంది, లక్కే. ఒక తలుపు చట్రం మీద జానెడు మేర మసి తీశాను. దూది నల్లగా వచ్చింది, తర్వాత ముదురు తేనె రంగు, ఆ తర్వాత శుభ్రంగా. వెనక పలక మాత్రం టేకు కాదు, పాత ప్యాకింగ్ పెట్టె చెక్క. తడిసి వంగింది కూడా.

కొనే ఆవిడకు ఫోన్ చేసి రమ్మన్నాను. రంగు వేసి ఇవ్వగలను, అయితే ముందు ఇది చూడండి అన్నాను. ఆవిడ ఆ జానెడు చోటు మీద చాలాసేపు వేలితో రాసి చూసింది. బాగుంది అంది. కానీ వాళ్ల వంటింటి గోడలన్నీ తెల్లవట, తనకు తెల్లదే కావాలంది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు, ఆవిడకు ఏం కావాలో ఆవిడకు తెలుసు. నేనే చేయలేనని చెప్పి 3,000 అక్కడికక్కడే ఫోన్‌లో వెనక్కి పంపాను. మా ఇంట్లోనే మామిడి చెక్క అలమార ఒకటి ఉంది, రంగుకు బాగా పడుతుంది, 14,000కి చేసిస్తానన్నాను. ఆలోచించి చెప్తానంది, ఇంకా ఏమీ చెప్పలేదు.

స్టాల్ అన్నా, మీ లెక్క తప్పని నేననను. ఈ నెల నాకు ఇబ్బందే. నా దగ్గరున్న ప్లైవుడ్, మామిడి, ఎప్పుడో రంగు పడిన సామాను, వీటన్నిటికీ రంగులు వేస్తూనే ఉంటాను, కింద ఏ చెక్కో బిల్లు మీద రాసిస్తాను. ఈ బీరువాకు మాత్రం వేయను. నీలం రంగు వెనక పలకకు వేస్తున్నా, అది ఎలాగూ మార్చాల్సిందే.

పొద్దున పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆదివారం వస్తానన్నారు. పాలిష్ తమ్ముడూ, ఇంత బీరువాకు చపడా కిలో తీసుకోవాలా?

పాతబస్తీ పాలిష్

అరకిలో చాలక్కా, దానికి రెండు లీటర్ల స్పిరిట్ పడుతుంది. రేకు డబ్బాలో వద్దు, గాజు సీసాలో నానబెట్టు, రేకుకు లక్క రంగు మారుతుంది. ఒక్కసారే అంతా నానబెట్టకు, పాతబడితే ఆరకుండా జిగటగా ఉండిపోతుంది. ఈ వారం వాన ఉందంటున్నారు. తేమలో పూత తెల్లగా పాలిపోతుంది, ఎండ వచ్చాకే మొదలుపెట్టు. ఆదివారం నేను కూడా వస్తా, అడ్రస్ మెసేజ్ చెయ్యి.