కాలనీ వీధి సైకిళ్ళకు వీలుగా ఉండాలంటే కార్ల షార్ట్‌కట్ మూయాల్సిందేనా?

కాలనీవాసి, హైదరాబాద్:
మా కాలనీ రెండు మెయిన్ రోడ్ల మధ్య ఉంది. సాయంత్రం సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ ఆగితే చాలు, ఫోన్‌లో మ్యాప్ చూసుకుని కార్లన్నీ మా వీధిలోకి తిరుగుతాయి. ముప్పై అడుగుల వీధి, ఒక పక్కంతా పార్క్ చేసిన కార్లే. మిగిలిన జాగాలో ఎదురెదురుగా రెండు బండ్లొస్తే ఇక హారన్ల మోత. పిల్లలు సైకిల్ తొక్కాలంటే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తిరగాల్సిందే. నడిమి కూడలిలో దిమ్మెలు పెడదామని సంఘం మీటింగ్‌లో అడిగాను. కారు ప్రతి ఇంటికీ వస్తుంది, కానీ ఈ చివర దూరి ఆ చివర తేలడం కుదరదు. సైకిళ్ళు, నడిచేవాళ్ళు నేరుగా పోతారు. సగం మంది ఒప్పుకోలేదు. మీరేమంటారు?

విజయవాడ నుంచి:
ఒప్పుకోనివాళ్ళ మాటలోనే న్యాయం ఉందండీ. మీ వీధి మూస్తే ఆ కార్లు మాయమైపోవు, పక్క వీధిలోకి పోతాయి. అక్కడ పిల్లలు లేరా? అర్ధరాత్రి ఎవరికైనా గుండెనొప్పి వస్తే ఏ వైపు నుంచి రావాలో అంబులెన్స్ డ్రైవర్‌కి ఎవరు చెప్తారు? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, సైకిల్ పట్టే సందులో బైక్ పట్టదా? మన ఊళ్ళలో సగం ట్రాఫిక్ టూవీలర్లే. దానికన్నా రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ గీయించుకోండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పోర్ట్‌లాండ్ (అమెరికా) నుంచి:
మీరు అడిగిన పక్క వీధి ప్రశ్న మీదే ఇక్కడా చాలా వాదన జరిగింది. ఈ ఊళ్ళో సైకిళ్ళ కోసం మెయిన్ రోడ్డుకు సమాంతరంగా పోయే ఇళ్ళ వీధులను ఎంచుకుంటారు. నైబర్‌హుడ్ గ్రీన్‌వే అంటారు. చాలా చోట్ల సైకిల్‌కి విడిగా గీత ఉండదు. వేగ పరిమితి గంటకు 20 మైళ్ళు, అంటే 32 కిలోమీటర్లు. సైకిల్ ప్రతి మలుపులో ఆగి మళ్ళీ తొక్కే పని లేకుండా స్టాప్ బోర్డులను అడ్డవీధుల వైపు తిప్పారు. చిక్కంతా అక్కడే వచ్చింది. సైకిల్‌కి ఆగే పని లేకపోతే కారుకీ లేదు కదా! పక్కనున్న డివిజన్ స్ట్రీట్‌లో అపార్ట్‌మెంట్లు, రెస్టారెంట్లు పెరిగేసరికి క్లింటన్ స్ట్రీట్ కార్లకు షార్ట్‌కట్ అయిపోయింది. చివరికి 2016లో రెండు కూడళ్ళ దగ్గర కారు నేరుగా పోకుండా అడ్డు కట్టారు, మధ్యలో సైకిల్‌కి సందు వదిలారు. ముందు ప్రయోగంగానే పెట్టి, పక్క వీధుల్లో ఎన్ని కార్లు పెరిగాయో లెక్కపెట్టారు. ఇలాంటి వీధిలో రోజుకు వెయ్యి కార్లకు మించకూడదన్నది ఇక్కడి లక్ష్యం. బోర్డులు, గీతలు ఎన్ని పెట్టినా అడ్డు లేకుండా కార్లు తగ్గలేదు, నేను నమ్మేది అదే.

కాలనీవాసి, హైదరాబాద్:
ట్రాక్ గీయమన్నారు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు, బాగుంది. కానీ అక్కడి దాకా సైకిల్‌ని కారుకు కట్టుకుని పోయేవాళ్ళే ఎక్కువ. మా పిల్లలకు కావాల్సింది ట్యూషన్‌కి, పాల బూత్‌కి పోయే దారి. మా వీధిలో గీత గీస్తే మర్నాడే దాని మీద కార్లు పార్క్ చేస్తారు.

బైకుల మాట మాత్రం కాదనలేను. సందు తిన్నగా కాకుండా ఎల్ ఆకారంలో వంపు తిప్పితే బైక్ కూడా దాదాపు ఆగి తిరగాలి. బైకులు మానవు, వేగం మాత్రం తగ్గుతుంది. నాకు వేగమే ముఖ్యం. 30లో వచ్చే బండికన్నా 50లో వచ్చే బండిలో శక్తి దాదాపు 2.8 రెట్లు. ఎదురుగా ఉన్నది ఏడేళ్ళ పిల్ల అయితే ఆ తేడా ఎంతో ఆలోచించండి. అంబులెన్స్ కోసం మధ్యలో తాళం తీస్తే వంగే ఇనప స్తంభం పెట్టి, తాళంచెవి వాచ్‌మెన్ దగ్గరా పక్కనున్న మెడికల్ షాపులోనూ ఉంచొచ్చు.

బడి పిల్లల్నే అనుకుంటున్నారు గానీ, పొద్దున కూరగాయల బండి తోసుకొచ్చే ఆమెకి, వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ళకి కూడా ఈ వీధే. ఇప్పుడు వాళ్ళంతా కారు హారన్ వినగానే మురుగు కాలువ అంచుకి జరిగి నిలబడుతున్నారు.

విజయవాడ నుంచి:
తాళంచెవి ఒకరి చేతిలో ఉండటం నాకింకా టెన్షన్‌గానే ఉందండీ. వాచ్‌మెన్ ఊరెళ్ళిన రోజు ఏంటి? అడ్డంగా స్తంభాలొద్దు, ఫైరింజన్ మెల్లగా ఎక్కి దిగగలిగేంత తక్కువ ఎత్తు దిమ్మె కట్టండి. ఇంకోటి, రోడ్డు మూసే హక్కు కాలనీ సంఘానికి లేదు. మున్సిపాలిటీ, ట్రాఫిక్ పోలీసుల అనుమతి లేకుండా పెడితే ఎవరో ఫిర్యాదు చేస్తారు, మర్నాడే పీకేస్తారు.

కాలనీవాసి, హైదరాబాద్:
అనుమతికి అర్జీ రాస్తున్నాం. వచ్చే మీటింగ్‌కి పక్క వీధివాళ్ళనీ పిలుస్తున్నాం, వాళ్ళు లేకుండా నిర్ణయం తీసుకోవడం తప్పు. అనుమతి వస్తే మూడు నెలలు ఇసుక నింపిన డ్రమ్ములు పెట్టి చూస్తాం. దిమ్మెల సంగతి ఆ తర్వాతే.

విజయవాడ నుంచి:
డ్రమ్ములకైతే అభ్యంతరం లేదు. లెక్క మాత్రం అవి పెట్టకముందు నుంచే మొదలుపెట్టండి, సాయంత్రం రద్దీ వేళ, మీ వీధిలోనూ పక్క వీధిలోనూ. బైకులు వేరుగా, కార్లు వేరుగా రాయండి. మూడు నెలల తర్వాత పక్క వీధిలో కార్లు బాగా పెరిగాయని తేలితే డ్రమ్ములు తీసేస్తామని అర్జీలోనే రాసి ఇవ్వండి.