బార్ట్‌లెట్ తన అధికారాన్ని ప్రత్యర్థి పార్టీ స్పీకర్‌కు ఎందుకు అప్పగించాడు?

ప్రశ్న

'ది వెస్ట్ వింగ్' అనే అమెరికా టీవీ ధారావాహిక నాలుగో సీజన్‌ను ఈ మధ్యనే చూడటం ముగించాను. ఆ సీజన్ చివర అధ్యక్షుడు జోసయ్య బార్ట్‌లెట్ చిన్న కూతురు జోయీని దుండగులు ఎత్తుకుపోతారు. ఆ రాత్రే ఆయన ఒక లేఖపై సంతకం చేసి, ప్రతినిధుల సభ స్పీకర్ గ్లెన్ అలెన్ వాకెన్‌కు అధికారాన్ని అప్పగిస్తాడు. బార్ట్‌లెట్ డెమొక్రాట్, వాకెన్ రిపబ్లికన్. మన దేశంలో 1964లో నెహ్రూ గారు, 1966లో శాస్త్రి గారు మరణించినప్పుడు అదే మంత్రివర్గంలోని గుల్జారీలాల్ నందా గారు తాత్కాలికంగా ప్రధాని అయ్యారు. అక్కడ మాత్రం ప్రత్యర్థిని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టవలసిన అగత్యం ఏమిటి? ఇది నాటకీయత కోసం రచయిత అల్లిన మలుపా, లేక చట్టమే అలా ఉందా?

మొదటి సమాధానం

చట్టమే అలా ఉందండీ. 1967లో అమల్లోకి వచ్చిన 25వ రాజ్యాంగ సవరణ మూడో భాగం ప్రకారం అధ్యక్షుడు తాను విధులు నిర్వర్తించలేనని లిఖితపూర్వకంగా తెలియజేస్తే ఉపాధ్యక్షుడు తాత్కాలిక అధ్యక్షుడవుతాడు. నిజజీవితంలో ఇది వైద్యపరీక్షలకే ఎక్కువగా ఉపయోగపడింది: 2002లోనూ 2007లోనూ జార్జ్ బుష్, 2021లో జో బైడెన్ మత్తుమందు తీసుకునే ముందు ఇలాగే కొద్ది గంటలపాటు అధికారాన్ని బదిలీ చేశారు. కథలో చిక్కంతా ఉపాధ్యక్షుడు హోయిన్స్ అప్పటికే ఒక కుంభకోణంలో రాజీనామా చేసి ఉండటంలో ఉంది. ఉపాధ్యక్షుడు లేనప్పుడు 1947 నాటి అధ్యక్ష పదవి వారసత్వ చట్టం వర్తిస్తుంది, దాని ప్రకారం తరువాతి స్థానం స్పీకర్‌దే. ఆ స్పీకర్ ఏ పార్టీవాడన్న ప్రశ్న చట్టానికి లేదు.

మరో షరతు కూడా ఉంది. ఆ బాధ్యత స్వీకరించాలంటే స్పీకర్ ముందుగా స్పీకర్ పదవికే కాక సభా సభ్యత్వానికి కూడా రాజీనామా చేయాలి. వాకెన్ రాజీనామా చేసిన తరువాతే ప్రమాణం చేస్తాడు. ఈ ఒక్క వివరాన్ని రచయిత ఏరన్ సార్కిన్ వదిలిపెట్టి ఉంటే సన్నివేశం బరువు సగం తగ్గిపోయేదని నా అభిప్రాయం.

ఇది మరీ ఊహాజనితమైన పరిస్థితి కూడా కాదు. 1973 అక్టోబరు 10న ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ రాజీనామా చేశాడు. డిసెంబరు 6న జెరాల్డ్ ఫోర్డ్ ప్రమాణం చేసేవరకు, రిపబ్లికన్ అయిన అధ్యక్షుడు నిక్సన్ తరువాతి స్థానంలో ఉన్నది డెమొక్రాటిక్ స్పీకర్ కార్ల్ ఆల్బర్ట్.

రెండో సమాధానం

చట్టం గురించి పైవారు చెప్పింది సరైనదే, కాని బార్ట్‌లెట్‌ను సంతకం చేయమని ఏ చట్టమూ బలవంతపెట్టలేదు. వాకెన్‌ను ఎన్నుకోవడం ఆయన చేతిలో లేదు, సంతకం మాత్రం పూర్తిగా ఆయన చేతిలోనే ఉంది.

మొదటి సీజన్ చివర కాల్పుల్లో గాయపడి శస్త్రచికిత్సకు వెళ్ళినప్పుడు ఈయనే అలాంటి లేఖపై సంతకం చేయలేదు, ఆ కొన్ని గంటలు దేశం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న తరువాత ఆయన సొంత సిబ్బందినే కలవరపెట్టింది. తనకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల వ్యాధి ఉందన్న సంగతిని ప్రజలకు చెప్పకుండా దాచి, చివరకు అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) మందలింపు తీర్మానాన్ని అంగీకరించినవాడు కూడా ఈయనే. అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మేధావి, మాటకారి, భక్తిపరుడు అయినప్పటికీ తన అశక్తతను ఒప్పుకోవలసి వచ్చిన ప్రతిసారీ తప్పించుకున్నవాడు. కుమార్ అనే కల్పిత దేశపు రక్షణమంత్రిని రహస్యంగా చంపించిన ఆజ్ఞ తనదే కనుక, కూతురి అపహరణ దానికి ప్రతీకారమేమోనన్న అనుమానం కూడా ఆయనను వేధిస్తూ ఉంటుంది. బిడ్డ ప్రాణం కోసం సైన్యాన్ని ఎక్కడికైనా పంపగల స్థితిలో ఉన్న తండ్రి, ఆ తండ్రితనమే దేశానికి ప్రమాదమని తనంతట తానే గుర్తిస్తాడు. కనుక దీన్ని ఔదార్యం అనలేను, బలహీనత అసలే అనను. ఆ పాత్ర మొదటిసారి తన గురించి నిజం సకాలంలో చెప్పింది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. హోయిన్స్ రాజీనామాకూ ఈ ఘట్టానికీ ఉన్న లంకె నాకు తట్టనే లేదు. ఒక సందేహం మిగిలింది: మన దగ్గర రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఇద్దరూ లేకపోతే లోక్‌సభ స్పీకర్‌కే బాధ్యత వస్తుందా?

మూడో సమాధానం

రాదు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి వస్తుంది. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు మరణించగా ఉపరాష్ట్రపతి వి.వి. గిరి గారు ఆ విధులు చేపట్టారు. ఆయన రాష్ట్రపతి పదవికి పోటీ చేయదలచి జూలై 20న తప్పుకోవడంతో, అదే ఏడాది చేసిన చట్టం ప్రకారం ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా గారు ఆగస్టు 24 వరకు రాష్ట్రపతి బాధ్యతలు నిర్వహించారు. ఆ ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా నిలబడిన నీలం సంజీవరెడ్డి గారు అప్పటికి లోక్‌సభ స్పీకర్‌గానే ఉండి, పోటీ కోసం ఆ పదవిని వదులుకున్నారు. మన స్పీకర్ రాష్ట్రపతి భవన్‌కు వెళ్ళాలంటే వారసత్వ క్రమం పనికిరాదు, ఓట్లే కావాలి.

పైన నిక్సన్ పేరు వచ్చింది కనుక ఇంకొక మాట. ఆయన 1969 జూలై 31న ఢిల్లీకి వచ్చినప్పుడు తాత్కాలిక రాష్ట్రపతి హోదాలో స్వాగతం పలికింది ఆ హిదయతుల్లా గారే.