ఫీల్డ్ స్టాఫ్ ఫోన్లకు ఆఫీసు నుంచి సపోర్ట్ ఎలా ఇవ్వాలి? (పర్లాకిమిడి, గుణుపురం వైపు)

ప్రశ్న: పర్లాకిమిడి_ఆఫీస్

అందరికీ నమస్కారం. ఊళ్లలో బ్యాంకు సేవలు అందించే సిబ్బందికి ఆఫీసులో కూర్చుని ఫోన్ల సంగతి చూసుకోవాలి. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు తిరుగుతారు. అన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లే. కొన్ని కంపెనీవి, కొన్ని వాళ్ల సొంతవి. సాయంత్రానికి సగం ఫారాలు సర్వర్‌కి చేరవు. పాతపట్నం బోర్డర్ దగ్గర సిగ్నల్ ఉన్నా నెట్ రాదు. వేలిముద్ర మెషీన్ మధ్యలో ఆగిపోతుంది. ఏం అడిగినా ఇప్పటిదాకా "యాప్ తీసేసి మళ్లీ వేసుకో" అనే చెప్తున్నాం. సరైన పద్ధతి చెప్పండి.

రాయగడ_సపోర్ట్

ముందు ఆ మాట చెప్పడం ఆపించండి సార్. పంపని ఫారాలు చాలా యాప్‌లలో ఆ యాప్ సొంత స్టోరేజ్‌లోనే ఉంటాయి. అన్‌ఇన్‌స్టాల్ చేసినా, సెట్టింగ్స్‌లో "క్లియర్ స్టోరేజ్" నొక్కినా అవి శాశ్వతంగా పోతాయి. రైతు దగ్గరికి మళ్లీ వెళ్లి అన్నీ అడగాలి. అన్నిసార్లూ ఆయన ఇంట్లో దొరకడు కూడా. "క్లియర్ క్యాష్" వల్ల మామూలుగా ఆ నష్టం ఉండదు, కానీ రెండు బటన్లూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఫోన్‌లో నోటిమాటగా చెప్పి నొక్కించొద్దు. ముందు యాప్‌లో పెండింగ్ ఎన్ని ఉన్నాయో చదివి చెప్పమనండి. వైఫై దొరికే చోట పంపించి, పెండింగ్ సున్నా అయిన స్క్రీన్‌షాట్ వచ్చాకే అన్‌ఇన్‌స్టాల్.

ఫారాలు చేరకపోవడానికి ఎక్కువసార్లు కారణం బ్యాటరీ సేవింగ్. స్క్రీన్ ఆఫ్ కాగానే ఫోన్ యాప్‌ని వెనకాల ఆపేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీ తెరిచి, బ్యాటరీ దగ్గర "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టండి. షావోమీలో దీంతోపాటు "ఆటోస్టార్ట్" ఆన్ చేయాలి. శాంసంగ్‌లో "నెవర్ స్లీపింగ్ యాప్స్" జాబితాలో చేర్చాలి. డేటా సేవర్ ఆన్‌లో ఉంటే ఈ యాప్‌కి మినహాయింపు ఇవ్వాలి. ఆండ్రాయిడ్ 11 నుంచి, కొన్ని నెలలపాటు వాడని యాప్‌ల పర్మిషన్లు ఫోన్ తనంతట తాను తీసేస్తుంది. నెలల తరబడి తెరవని సర్వే యాప్‌కి ఆ స్విచ్ ఆఫ్ చేసి ఉంచండి. సిస్టమ్ అప్‌డేట్ వచ్చాక ఇవన్నీ మళ్లీ ఒకసారి చూడాలి.

ఇంకో చిన్న సంగతి. కొన్ని యాప్‌లలో ఫారం "డ్రాఫ్ట్"గా సేవ్ అయితే పంపే వరుసలోకే రాదు. "ఫైనలైజ్" నొక్కాలి. ఫారాలు చేరలేదన్న వాళ్లను ముందు ఇదే అడగండి.

గుణుపురం_నెట్‌వర్క్

బోర్డర్ విషయానికొస్తే, పాతపట్నం వైపు ఆంధ్ర టవర్, ఇటు ఒడిశా టవర్. ఫోన్ ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతుంది. సిమ్ ఏ సర్కిల్‌లో తీసుకున్నారో చూడండి. ఆంధ్ర సిమ్ ఒడిశా టవర్ పట్టుకుంటే అది రోమింగ్, అటునుంచి ఇటైనా అంతే. కొన్ని ఫోన్లలో డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి, నెట్ మాత్రం రాదు. ఆ స్విచ్ ఆన్ చేయండి. అయినా రాకపోతే ఎయిర్‌ప్లేన్ మోడ్ పది సెకన్లు పెట్టి తీయాలి. 5జీ అరకొరగా ఉన్నచోట ఫోన్ 4జీకి, 5జీకి మధ్య ఊగిసలాడి బ్యాటరీ తినేస్తుంది. అక్కడ 4జీకే పరిమితం చేయడం మేలు. రెండు సిమ్‌లూ ఒకే కంపెనీవి ఉంటే లాభం లేదు, వేర్వేరు కంపెనీలవి వేయించండి.

ఆధార్ విత్‌డ్రాలో (వేలిముద్రతో ఖాతాలోంచి డబ్బు తీసేటప్పుడు) నెట్ పోయి తిరుగుతూ ఉంటే వెంటనే రెండోసారి వేలు పెట్టించొద్దు. ముందు ట్రాన్సాక్షన్ స్టేటస్ చూడాలి, లేదా మినీ స్టేట్‌మెంట్ తీయాలి. ఖాతాలో డబ్బు కట్ అయి చేతికి రాకపోతే, 2019 నాటి రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ ప్రకారం లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా తిరిగి జమ కావాలి. దాటితే రోజుకి ₹100 పరిహారం. ఈ మాట స్టాఫ్‌కి నోటికి వచ్చి ఉండాలి. ఎదురుగా నిలబడ్డ ముసలావిడకి పింఛను డబ్బే ఆధారం, ఆమెకి స్పష్టంగా చెప్పగలగాలి.

జయపురం_డివైస్

వేలిముద్ర మెషీన్ గురించి. ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో ఓటీజీ (ఛార్జింగ్ పోర్ట్‌కి బయటి మెషీన్ కలిపి వాడే సదుపాయం) స్విచ్ విడిగా ఉంటుంది, పది నిమిషాలు వాడకపోతే దానంతట అదే ఆఫ్ అవుతుంది. మెషీన్ చెడిపోయిందని వెనక్కి పంపేముందు ఈ స్విచ్ చూడండి. తర్వాత ఆర్డీ సర్వీస్ యాప్‌కి (వేలిముద్ర మెషీన్‌ని ఫోన్‌తో పనిచేయించే యాప్) కూడా బ్యాటరీ అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. ఫోన్ టైమ్ ఆటోమేటిక్‌లో ఉండాలి. గడియారం తప్పుగా ఉంటే ఆధార్ ఆథెంటికేషన్ తిరస్కరిస్తుంది, స్టాఫ్ మాత్రం వేలు సరిగా పడలేదనుకుని పదేపదే పెట్టిస్తారు. వేలు తడిగా ఉన్నా, ఎండి పగిలినా ఇబ్బందే. తుడిపించి, ఇంకో వేలు ప్రయత్నించాలి.

పవర్‌బ్యాంక్ కొనేటప్పుడు 10,000 ఎంఏహెచ్ అంటే 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్‌కి రెండు ఫుల్ ఛార్జీలు అని లెక్క వేయకండి. వోల్టేజీ మార్పులో, వేడిలో పోయేది పోగా ఒకటిన్నర లోపే వస్తుంది. బైక్ మీద ఎండలో హోల్డర్‌కి పెట్టి ఛార్జ్ చేస్తే, వేడికి ఫోన్ ఛార్జింగ్ తగ్గించుకుంటుంది లేదా ఆపేస్తుంది. సంచిలో నీడన పెట్టమనండి. వానలో పోర్ట్ తడిస్తే ఆరేదాకా కేబుల్ పెట్టొద్దు. బియ్యంలో పెట్టడం కూడా వద్దు, పిండి, నలుసు లోపలికి పోతుంది.

పర్లాకిమిడి_ఆఫీస్

చాలా సాయం చేశారండీ. సొంత ఫోన్లున్న వాళ్లు కంపెనీ యాప్ వేస్తే ఫొటోలు, మెసేజ్‌లు చూస్తారని భయపడుతున్నారు. ఫోన్ పోతే ఏం చేయాలో కూడా చెప్పండి.

రాయగడ_సపోర్ట్

సొంత ఫోన్లకి "వర్క్ ప్రొఫైల్" చాలు. ఆఫీసు యాప్‌లు బ్రీఫ్‌కేస్ గుర్తుతో వేరుగా ఉంటాయి. వాళ్ల వ్యక్తిగత ఫొటోలు, మెసేజ్‌లు ఆఫీసుకు కనిపించవు. ఉద్యోగం మానేస్తే ఆ ప్రొఫైల్ మాత్రమే తుడిచేస్తాం, మిగతా ఫోన్ అలాగే ఉంటుంది. ఇది కూర్చోబెట్టి, వాళ్ల ఫోన్‌లోనే చూపించండి. కాగితం మీద సంతకం తీసుకున్నంత మాత్రాన భయం పోదు. కంపెనీ ఫోన్లని మాత్రం పూర్తిగా మేనేజ్ చేయాలి. ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మొదటి స్వాగత స్క్రీన్ మీద ఒకేచోట ఆరుసార్లు తడితే క్యూఆర్ స్కానర్ తెరుచుకుంటుంది. ఫోన్లని ఆఫీసు నుంచి నియంత్రించే మీ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కోడ్ చూపించాలి. ఫోన్ వెనక్కి తీసుకునేటప్పుడు రీసెట్‌కి ముందే వాళ్ల గూగుల్ అకౌంట్ తీయించండి. లేదంటే రికవరీ (ఫోన్ బటన్లు నొక్కి తెరిచే మెనూ) నుంచి రీసెట్ చేసినప్పుడు పాత పాస్‌వర్డ్ అడిగి ఆగిపోతుంది.

ఫోన్ పోతే ముందు రిమోట్‌గా లాక్ చేసి, ఆఫీసు డేటా తుడిచేయాలి. వెంటనే సిమ్ బ్లాక్, యాప్ లాగిన్ రద్దు. పోలీసు ఫిర్యాదు, డూప్లికేట్ సిమ్ చేతికొచ్చాక కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ (ఫోన్‌ని గుర్తించే ప్రత్యేక నంబర్) బ్లాక్ చేయించాలి. ఐఎంఈఐ నంబర్ *#06# నొక్కితే వస్తుంది కానీ పోయిన ఫోన్‌లో నొక్కలేం కదా. ఇవాళే అన్ని ఫోన్లవీ రాసి పెట్టుకోండి, రెండు సిమ్‌లున్న ఫోన్‌కి రెండు నంబర్లు ఉంటాయి. డబ్బు మోసం జరిగిందనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి.

గుణుపురం_నెట్‌వర్క్

ఇంకొకటి కలుపుతాను. సపోర్ట్ గ్రూపులో కస్టమర్ ఆధార్, పాస్‌బుక్ కనిపించే స్క్రీన్‌షాట్లు పెట్టనివ్వకండి. ఎర్రర్ ఉన్న భాగం మాత్రం కత్తిరించి పంపమనండి. దాంతోపాటు ఫోన్ మోడల్, టైమ్, ఏ ఊరు, ఏ సిమ్ అని రాయాలి. ఒడియా స్టాఫ్‌కి రాయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ చాలు. ఓటీపీ మాత్రం సపోర్ట్ వాళ్లు అడిగినా ఇవ్వొద్దని మొదటి రోజే చెప్పండి.