అప్‌డేట్: తాబేళ్ల వీడియోలు జనం చూస్తున్నారు

విశాఖ తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గురించి ఇన్‌స్టాలో ఎన్ని పోస్టులు పెట్టినా ఎవరూ పట్టించుకోవట్లేదు, ఏం చేయాలని అడిగాను కదా. చచ్చిన తాబేళ్ల ఫొటోలు తగ్గించి, కారణాలు చెప్పమన్నారు. ఆ సలహా బాగా పనిచేసింది.

గుడ్ల నుంచి బయటికొచ్చిన పిల్లలు వెలుతురు ఎక్కువున్న వైపు నడుస్తాయి. చీకటి తీరంలో అది సముద్రం, లైట్లుంటే రోడ్డు. ఈ ఒక్క విషయం మీదే చిన్న వీడియో చేశాను. మత్స్యకారుల వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరిగింది. ట్రాలర్ వలలోంచి తాబేలు తప్పించుకునేలా బిగించే టెడ్ పరికరం గురించి వాళ్లే అడిగారు! తీరంలో ఒక హోటల్ రాత్రిపూట బీచ్ వైపు లైట్లు ఆపుతోంది. ఎంత సంతోషంగా ఉందో!

గూళ్ల లొకేషన్ మాత్రం దయచేసి పోస్ట్ చేయకండి, గుడ్లు ఎత్తుకెళ్లేవాళ్లూ చూస్తారు. అటవీ శాఖకు చెప్పండి. తర్వాతి వీడియో టెడ్ మీదే.